పేనుకొరుకుడు – పేను చేయని పని



పోయిన నెల ఈ పేజీలో పాముకాటును గూర్చి వ్రాశాను. అది చదివి నన్ను కలిసినవారిలో పామును గూర్చి అడిగినవారు ఇద్దరే. మిగిలిన నలుగురూ తల చూపించారు. ఒకరు తమ తల, ఒకరు కొడుకు గడ్డం, ఇద్దరు కూతుళ్ల తలలు. ఉన్నట్టుండి రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు రాలిపోయి, చర్మం నున్నగా, గుడ్డు పెంకులాగా తేలుతుంది. నొప్పి ఉండదు, పుండు ఉండదు. దీన్ని మన కల్వకుర్తి వైపే కాదు, తెలుగువారున్న చోట్ల చాలామంది పేనుకొరుకుడు అనే అంటారు.

నేను డాక్టరును కాను. వేదాంత విద్యలో డిప్లొమా చదివినవాడను, అంతే. అయినా ఈ సంగతి వ్రాయడానికి కారణం ఉంది. నాలుగు సంవత్సరాల క్రిందట ఈ జబ్బు విషయంలో నేను ఒక తప్పు చేశాను. దాని గుర్తు ఒక ఆడబిడ్డ తలమీద ఈనాటికీ ఉంది. ఆ అమ్మాయి ఒప్పుకున్నందువల్లనే వ్రాస్తున్నాను. పేరు, ఊరు వ్రాయను.

అప్పటికి ఆ అమ్మాయి డిగ్రీ పూర్తి చేసింది. సంబంధం కుదిరింది, ప్రధానము జరిగింది. పెండ్లి ప్రకటన మొదటి ఆదివారం ఆరాధనలో నేనే చదివాను. ఆ సాయంత్రం తల్లి మా ఇంటికి వచ్చింది, వెనుక కొంగు కప్పుకొని అమ్మాయి. లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేసుకున్నారు.

“అయ్యగారూ, జర చూడున్రి. పేను కొరికింది అంటున్నరు. నెల దినాలయింది. పెండ్లి అయ్యేదాక ఎవ్వరికి చెప్పకున్రి, మీ కాళ్లు మొక్కుత.”

చెవి వెనుక రెండు చోట్ల వెంట్రుకలు లేవు. నెలరోజులుగా ఉన్నా సంఘంలో ఎవరికీ తెలియలేదు. ఎందుకంటే మన స్త్రీలు ఆరాధనలో ముసుగు వేసుకుంటారు గనుక. నేను వారం వారం ఎదురుగా నిలబడి వాక్యం చెబుతూ కూడా చూడలేదు.

చిన్నప్పుడు నాకూ ఒకసారి ఇలాగే అయింది. మా నాయనమ్మ ఉల్లిగడ్డ కోసి రుద్దేది, మూడు నాలుగు నెలలకు మొలిచింది. ఆ సంగతి చెప్పి, “ఉల్లిగడ్డ రుద్దు బిడ్డా, అదే వస్తది. నేను ఎవరికీ చెప్పను” అన్నాను. ఆ ఒక్క మాటతో రెండు తప్పులు చేశాను. తెలియని వైద్యం చెప్పాను, దాచిపెట్టడానికి ఒప్పుకున్నాను.

రెండు వారాలకు ఉల్లిగడ్డ పని చేయలేదు. పైగా నెత్తిమీద మూడో మచ్చ లేచింది. పెండ్లి దగ్గరపడుతున్నదన్న తొందరలో మేనత్త నల్లజీడి తెచ్చి, కాల్చి, ఆ రసం రాసింది. నల్లజీడి అంటే మన చాకలివారు బట్టలమీద గుర్తు పెట్టడానికి వాడిన గింజ. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ నల్ల గుర్తు పోదు. అటువంటి రసం చర్మంమీద ఏం చేస్తుందో చెప్పనక్కరలేదు. మూడో ప్రకటన చదివిన ఆదివారం అమ్మాయి ఆరాధనకు రాలేదు. నేను ఇంటికి వెళ్లేసరికి చెవి వెనుక బొబ్బలు పగిలి చీము కారుతున్నది, ముఖం వాచింది. మరునాడు తెల్లవారుజామున మొదటి బస్సుకు తండ్రి, అమ్మాయి, నేను హైదరాబాదు వెళ్లాం.

అక్కడి చర్మవ్యాధుల డాక్టరమ్మ ముందుగా పుండు కడిగించి మందు వ్రాసింది. తర్వాత ఒక భూతద్దం నా చేతికిచ్చి, కాలని మచ్చను చూపించింది. “ఈ చిన్న చుక్కలు కనబడుతున్నాయా? వెంట్రుకలు బయటికి వచ్చే రంధ్రాలు ఇవి. వేరు లోపల బ్రతికే ఉంది. ఇక్కడ మళ్లీ మొలుస్తుంది.” తర్వాత జీడి కాల్చిన చోటు చూపించింది. “ఇది మానిన తర్వాత ఇక్కడ చుక్కలు మిగలకపోవచ్చు. జబ్బు ఆ వేరును చంపలేదు, వైద్యం చంపింది.”

ఇంతకూ ఆ జబ్బు ఏమిటి? పేనుకు దీనితో సంబంధం లేదు. పేను రక్తం తాగుతుంది, వెంట్రుకను కొరకదు. డాక్టర్లు దీనిని అలోపేషియా ఏరియేటా అంటారు. అలోపేషియా అనే మాట గ్రీకులో నక్క పేరునుండి వచ్చింది, గజ్జి పట్టిన నక్కకు బొచ్చు ఊడినట్టు అని. యూరపు డాక్టర్లు కూడా ఒకప్పుడు ఇది ఏదో పురుగు వల్లనో క్రిమి వల్లనో వస్తుందని, ఒకరినుండి ఒకరికి అంటుతుందని వాదించుకున్నారు గనుక మన పెద్దలను ఎగతాళి చేయనక్కరలేదు.

మన పల్లిచేను కావలి తెలుసు కదా. రాత్రి మంచెమీద పడుకున్నవాడు అడవిపంది వచ్చిందనుకొని చీకట్లో కట్టె విసురుతాడు. తెల్లవారి చూస్తే తన కోడెదూడ కాలే విరిగి ఉంటుంది. మన శరీరంలో కూడా కావలివారు ఉన్నారు. రక్తంలోని తెల్లకణాలు క్రిములను వెదకి చంపుతాయి. మామూలుగా వెంట్రుక వేరు దగ్గరికి ఈ కణాలు రాకుండా ఒక అడ్డు ఉంటుంది. ఏ కారణం చేతనో ఆ అడ్డు తొలగినప్పుడు, కావలి కణాలు సొంత వేరునే పరాయిది అనుకొని దానిమీద పడతాయి. వేరు బెదిరి, వెంట్రుకను వదిలేసి నిద్రపోతుంది. చావదు. అందుకే సంవత్సరాల తర్వాత కూడా కొందరికి తిరిగి మొలుస్తుంది. థైరాయిడ్ జబ్బుల్లో కొన్ని, బొల్లి కూడా ఇలా సొంత శరీరంమీద కావలి తిరగబడడం వల్ల వచ్చేవే. కొందరిలో ఇవి జతగా కనబడతాయి గనుక డాక్టరు థైరాయిడ్ పరీక్ష వ్రాస్తే డబ్బులు గుంజుతున్నాడని అనుకోవద్దు.

ఇది అరుదైనది కూడా కాదు. జీవితకాలంలో ఏదో ఒకప్పుడు వందమందిలో ఇంచుమించు ఇద్దరికి వస్తుందని లెక్క. పిల్లలకు, యౌవనస్థులకు ఎక్కువ. మగవారికి గడ్డంలో, మీసంలో వచ్చేదీ ఇదే. కొందరికి గోళ్లమీద గుండుసూదితో గుచ్చినట్టు చిన్న గుంటలు పడతాయి. మచ్చ అంచున పొట్టి వెంట్రుకలు కనబడితే, అవి పైన లావుగా, అడుగున సన్నగా ఉంటే, జబ్బు ఇంకా ప్రాకుతున్నదని గుర్తు. కొద్దిమందికే తలంతా ఊడుతుంది, మరీ కొద్దిమందికి కనుబొమ్మలు, రెప్పలు, ఒంటిమీది వెంట్రుకలు కూడా.

మరి ఉల్లిగడ్డతో నాకెట్లా తగ్గింది? నేను కూడా డాక్టరమ్మను ఇదే అడిగాను. ఒకటి రెండు చిన్న మచ్చలే ఉన్నవారిలో దాదాపు సగంమందికి, ఏ మందూ లేకుండానే, సంవత్సరం లోపల మొలుస్తుంది. ఆ సమయంలో ఎవరేది రాస్తే దానికే పేరు వస్తుంది. మా నాయనమ్మకు నా తలమీద వచ్చిన పేరు అటువంటిదే కావచ్చు. అయితే ఇంకో సంగతి కూడా ఉన్నది. 2002లో ఇరాక్ దేశపు డాక్టర్లు ఉల్లిగడ్డ రసాన్ని పరీక్షించి, రాసుకున్నవారిలో ఎక్కువమందికి మొలిచిందని వ్రాశారు. కాని అది నలభైమంది కూడా లేని చిన్న పరీక్ష. చర్మాన్ని కొద్దిగా మండించినప్పుడు కావలి కణాలు ఆ మంటవైపు మళ్లి, వేరును వదిలేస్తాయని ఒక ఆలోచన. పెద్ద ఆసుపత్రుల్లో డి.పి.సి.పి. అనే మందును కొలిచి, పలుచన చేసి, వారం వారం పూసి ఇదే పని చేయిస్తారు. మన గురివింద, నల్లజీడి, కిరసనాయిలు, బ్లేడుతో గీకడం – వీటి వెనుక పెద్దలు కనిపెట్టింది బహుశా ఇదే. ఎంత మండించాలో కొలత తెలియకపోవడమే ఆపద. గురివింద గింజలో అబ్రిన్ అనే భయంకరమైన విషం ఉన్నది. దాన్ని నూరి, గీకిన చర్మంమీద పట్టించడం, నూరిన గిన్నె పిల్లలకు అందేచోట పెట్టడం ప్రాణంతో ఆట. ఇవి మీ ఇంట్లో ఎవరు తెచ్చినా, ఎంత పెద్దవారు తెచ్చినా, రాయనీయకండి.

వైద్యం విషయానికి వస్తాను. మచ్చలు కొద్దిగా ఉన్న పెద్దవారికి ట్రయామ్సినలోన్ అనే స్టిరాయిడ్ మందును చాలా సన్నని సూదితో, మచ్చలోనే చర్మంలోపలికి, సెంటీమీటరుకొక చుక్క చొప్పున ఎక్కిస్తారు. నాలుగు నుండి ఆరు వారాలకు ఒకసారి. ఒకటి రెండు నెలల్లో మొలక కనబడాలి. సూది వేసిన చోట కొందరికి చిన్న గుంట పడుతుంది, సాధారణంగా కొన్ని నెలలకు పూడుతుంది. నొప్పి ఉంటుంది, ఉండదని నేను చెప్పను. చిన్నపిల్లలకు సూది బదులు పూత మందు ఇస్తారు. మినాక్సిడిల్ అనే నీళ్లమందు తోడుగా వ్రాయవచ్చు. అది మొలకకు సహాయమే గాని కావలివారిని ఆపదు. మొదట వచ్చే వెంట్రుకలు తరచుగా తెల్లగా, నూగులాగా వస్తాయి. ముసలితనం వచ్చిందని పీకేయకండి, తర్వాత నల్లబడతాయి.

ఇక్కడొక హెచ్చరిక. స్టిరాయిడ్ పేరు విని, ఊళ్లో సూది వేసే ఆర్.ఎం.పి. దగ్గర తుంటికి సూది, నెలల తరబడి బెటామెథాసోన్ మాత్రలు వాడేవారున్నారు. మచ్చలో వేసే చుక్క వేరు, ఒళ్లంతా పారే మందు వేరు. డాక్టరు పర్యవేక్షణ లేకుండా వాడితే ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. చాలాకాలం వాడి ఉన్నట్టుండి ఆపితే ప్రాణానికే ముప్పు. ఇంకొకటి, పిల్లల తలలో వచ్చే తామర కూడా మచ్చలాగే ఉంటుంది. అయితే దానిలో పొట్టు రాలుతుంది, దురద ఉంటుంది, వెంట్రుకలు విరిగి ఉంటాయి, దువ్వెన ద్వారా ఇంకొకరికి అంటుతుంది. దానికి మాత్రలు మింగాలి. దానిమీద స్టిరాయిడ్ రాస్తే ఇంకా పెరుగుతుంది. అందుచేత ముందు చర్మ డాక్టరు చూడనిది ఏదీ మొదలుపెట్టవద్దు.

తలంతా ఊడినవారికి ఇంతకుముందు చెప్పుకోదగిన మందు లేదు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఏంజెలా క్రిస్టియానో అనే జన్యుశాస్త్రవేత్త ఉన్నారు. ఆమెకే ఈ జబ్బు వచ్చింది. తన తలమీద వచ్చినదానిని పరిశోధించడం ఆమె తన పనిగా పెట్టుకున్నది. ఆమె బృందం 2010లో ఈ జబ్బుకు సంబంధించిన జన్యువులను, 2014లో కావలి కణాలకు అందే సంకేతాన్ని ఎక్కడ అడ్డగించవచ్చో ప్రకటించింది. ఆ దారిలోనే 2022 జూన్‌లో బారిసిటినిబ్ అనే మాత్రకు అమెరికా ప్రభుత్వం ఈ జబ్బు నిమిత్తం అనుమతి ఇచ్చింది. తరువాతి సంవత్సరం పన్నెండేళ్లు దాటిన పిల్లలకు కూడా రిట్లెసిటినిబ్ అనేది వచ్చింది. జబ్బు ముదిరినవారికి 36 వారాలు పెద్ద మోతాదు ఇచ్చి చూసినప్పుడు ఇంచుమించు మూడోవంతు మందికి తల చాలవరకు నిండింది. మూడింట రెండు వంతులమందికి అంతగా రాలేదనే మాట కూడా గుర్తుంచుకోవాలి. మన దేశంలో డాక్టర్లు ఇదే జాతికి చెందిన టోఫాసిటినిబ్‌ను కూడా వాడుతున్నారు. ఇవి కావలివారిని నిద్రపుచ్చే మందులు గనుక, దాగి ఉన్న క్షయ లేచే ప్రమాదముంది. ముందు క్షయ పరీక్ష, కాలేయ పరీక్ష, రక్త పరీక్షలు చేయించకుండా ఎవరైనా ఇస్తే తీసుకోకండి. ఆపితే చాలామందికి మళ్లీ రాలుతుంది.

2022లో ఆస్కార్ బహుమతుల సభలో విల్ స్మిత్ అనే నటుడు వేదిక ఎక్కి ఒకరి చెంపమీద కొట్టిన దృశ్యం మన యౌవనస్థులంతా ఫోనుల్లో చూశారు. అది అతని భార్య గుండును గూర్చిన పరిహాసం వల్ల. ఆమెకున్నది ఈ జబ్బే. కొట్టడం తప్పే. కాని ఆ నవ్వు ఎంత లోతుగా గుచ్చుతుందో మన పల్లెల్లో ‘బోడిది’ అనిపించుకున్న ఆడపిల్లను అడగండి.

మన సంఘాల్లో వినబడే ఒక మాటను గూర్చి కూడా చెప్పాలి. కుష్ఠేమో, ఏదో పాపానికి శిక్షేమో అని గుసగుసలాడేవారున్నారు. లేవీయకాండము 13వ అధ్యాయం తెరిచి 40, 41 వచనాలు చదువుకోండి. కుష్ఠు పొడను గూర్చి అంత కఠినంగా విధించిన ఆ అధ్యాయమే, ఉత్తగా తల వెంట్రుకలు రాలినవానిని పవిత్రుడనే చెబుతున్నది. వైద్యం ప్రకారం కూడా తేడా స్పష్టమే. కుష్ఠు మచ్చకు స్పర్శ పోతుంది. పేనుకొరుకుడు మచ్చమీద దూదితో తాకితే మామూలుగా తెలుస్తుంది. ఆ కుష్ఠే ఈనాడు ఆరు నెలలో, సంవత్సరమో ఉచిత మాత్రలతో నయమవుతుంటే, డిచ్‌పల్లి ఆసుపత్రిలో మిషనరీలు ఆ రోగుల పుండ్లు తమ చేతులతో కడిగిన చరిత్ర గల మనం, ఒక ఆడపిల్ల పక్కన బెంచీమీద కూర్చోవడానికి జంకడం ఏమిటి?

ఆ అమ్మాయి సంగతికి వస్తాను. కాలిన తలను దాచడం ఇక కుదరదు. తండ్రి, నేను పెండ్లికొడుకు ఊరికి వెళ్లాం. అబ్బాయి తల్లి మూడు ప్రశ్నలు అడిగింది. అంటుతదా? పిల్లలకు వస్తదా? అంతా ఊడుతదా? మొదటిదానికి లేదని చెప్పాను. రెండోదానికి, ఇతరులకంటే కొంచెం ఎక్కువ అవకాశముంది గాని చాలామంది పిల్లలకు రాదని. మూడోదానికి, సాధారణంగా ఊడదు, అయితే నేను గాని డాక్టరు గాని మాట ఇవ్వలేమని. అక్కడే కూర్చున్న మేనమామ, “అట్లయితే కట్నం మాట మళ్ల మాట్లాడుకోవాలె” అన్నాడు. అమ్మాయి తండ్రి తలవంచుకున్నాడు. నాకు మాట రాలేదు. నెల క్రితం ఉల్లిగడ్డ చెప్పకుండా ఇదే మాట చెప్పి ఉంటే కాలిన తలతో ఈ ఇంటికి రావలసిన పని లేకపోయేది గదా అనుకున్నాను.

ఆ పెండ్లి అనుకున్న తేదీకి జరగలేదు. అబ్బాయి మాత్రం రెండు వారాల తర్వాత ఒంటరిగా వచ్చి, అమ్మాయితో మా వరండాలో గంటసేపు మాట్లాడిపోయాడు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. ఆరు నెలలకు, మొదట అనుకున్న మాటమీదనే పెండ్లి జరిగింది. మేనమామ రాలేదు. అప్పటికి పై మచ్చలో తెల్ల నూగు నల్లబడింది. చెవి వెనుక బొటనవ్రేలంత చోటు నున్నగా మిగిలింది, ఈనాటికీ ఉంది. జడ అటువైపు త్రిప్పి వేసుకుంటుంది.

పోయిన సంవత్సరం కాన్పు తర్వాత కొన్ని నెలలకు ఇంకొక మచ్చ లేచింది. ఈ జబ్బు ఇలా తిరిగి రావడం మామూలే. ఈసారి ఆమె ఎవరినీ అడగలేదు. పాలిచ్చే తల్లినని డాక్టరుకు ముందే చెప్పి, భర్తతో వెళ్లి సూదులు వేయించుకుంది. మూడోసారి వెళ్లేనాటికి మొలిచింది.

మన పెద్దల కాలంలో ఏ జబ్బుకైనా జడ్చర్ల మిషను ఆసుపత్రి దారి పట్టేవారు. ఈనాడు మహబూబ్‌నగర్‌లో 2016 నుండి, నాగర్‌కర్నూలులో 2022 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడి ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓ.పి. ఏ రోజుల్లో ఉంటుందో ముందు కనుక్కొని బయలుదేరండి. మచ్చ కనబడిన రోజే, పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోనులో ఫోటో తీసి ఉంచండి, పెరిగిందో తగ్గిందో డాక్టరుకు తెలుస్తుంది. అప్పటివరకు ఏమేమి రాశారో సిగ్గుపడకుండా చెప్పండి, నల్లజీడి అయినా సరే. ఆ రోజు తలకు నూనె పెట్టుకోవద్దు. నూనె ఉంటే ఆ చిన్న చుక్కలు సరిగా కనబడవు.